సెకనుకు వంద అంకెలు

పెడన మీదుగా గుడివాడ వెళ్లే బస్సు ఉదయం ఏడూ పదికి వస్తుంది. పదకొండేళ్లుగా జ్యోతిర్మయి ఆ బస్సే ఎక్కుతోంది. గుడివాడలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం ఆమెది. పిల్లలకు బోర్డులు, వైర్లు, మీటర్లు లెక్కగా ఇవ్వడం, కాల్చుకొచ్చినవి బాగుచేయడం, కాల్చినవాళ్లకు చెప్పిందే మళ్లీ చెప్పడం. పుట్టిల్లు నాగాయలంక. వాళ్ల నాన్న రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసేవాడు. స్క్రూడ్రైవరు పట్టడం ఆమెకు అక్కడే అబ్బింది.

పెళ్లయి పెడన వచ్చిన కొత్తలో ఉద్యోగం మానేస్తుందనే అందరూ అనుకున్నారు. భర్త నాగరాజు కృత్తివెన్ను చెరువుల నుంచి రొయ్యల లోడు తోలే లారీ డ్రైవరు. వారంలో నాలుగు రోజులు ఇంట ఉండడు. అత్తగారు చిలకమ్మ కలంకారీ షెడ్డులో చెక్క అచ్చులతో అద్దకం పని చేస్తుంది. మరి ఇల్లెవరు చూస్తారని చుట్టాలు అడిగితే చిలకమ్మ, "ఇల్లు ఎక్కడికీ పోదు, బస్సు పోద్ది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. తేల్చడమే కాదు, పొద్దున్నే క్యారేజీ కట్టి, కోడల్ని వసారా మెట్టు మీద కూర్చోబెట్టి తనే జడ వేసి మరీ పంపేది. జ్యోతిర్మయికి తల్లి చిన్నప్పుడే పోయింది. జడ వేయించుకునే ఆ అయిదు నిమిషాలంటే ఆమెకు ప్రాణం. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

కిందటేడాది వినాయక చవితి వెళ్లిన వారానికి, ఆ మెట్టు మీదే సంగతి బయటపడింది. జడ అల్లడం అయిపోయింది. చిలకమ్మ ఎడం చేత్తో రబ్బరు బ్యాండు వెతుక్కుంటూ కుడి చెయ్యి కోడలి భుజం మీద ఆనించింది. భుజం అదురుతోంటే సెల్‌ఫోన్ మోగుతోందేమో అనుకుంది జ్యోతిర్మయి. ఫోను బ్యాగులో ఉంది. వెనక్కి తిరిగేసరికి చిలకమ్మ చెయ్యి తీసేసి కొంగులో పెట్టుకుంది. బస్సు పోద్ది, లెగమంది.

ఆ రోజు నుంచీ జ్యోతిర్మయి గమనించడం మొదలుపెట్టింది. టీవీ ముందు ఖాళీగా కూర్చున్నప్పుడు ఆ చెయ్యి ఒళ్లో దానంతటది ఆడుతుంది. బొటనవేలు చూపుడువేలి మీద ఏదో నలుపుతున్నట్టు కదులుతుంది. ఎవరైనా వస్తే చిలకమ్మ వెంటనే ఏదో ఒకటి పట్టుకుంటుంది, గ్లాసో చీపురో పక్కనున్న కూరగాయో. పట్టుకుంటే ఆగిపోతుంది. అడిగితే వయసు అంది, చలి అంది. పెడనలో చలేంటి అత్తయ్యా అంటే నవ్వేసింది.

కార్తీక మాసంలో ఒక సాయంత్రం జ్యోతిర్మయి బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి చిలకమ్మ మధ్యాహ్నమే షెడ్డు నుంచి వచ్చేసి, దీపం కూడా పెట్టకుండా కూర్చుని ఉంది. ఇక పనికి వెళ్లనంది. మర్నాడు జ్యోతిర్మయి షెడ్డు యజమాని పూర్ణచంద్రరావు దగ్గరికి వెళ్లి అడిగింది. ఒక దుప్పటి అంచు మీద అచ్చు జారిందట. మూల దగ్గర పువ్వుకు పువ్వు కలిపేందుకు అచ్చు పట్టుకుని కాస్త ఆగిందట, అంతలో చెయ్యి ఊగి నల్లరంగు అడ్డంగా పడిందట. ముప్ఫై ఏళ్లలో చిలకమ్మ చేతిలో గుడ్డ పాడవడం అదే మొదటిసారి. "ఒక్క దుప్పటి పోతే ఏమవుద్దమ్మా, నేనేమీ అన్లేదు. ఆవిడే చేతులు కడుక్కుని వెళ్లిపోయింది" అన్నాడాయన.

చిలకమ్మకు అద్దకం అంటే పొట్ట నింపిన పని మాత్రమే కాదు. భర్త పోయిన ఏడాది షెడ్డులో చేరింది. అయిదేళ్లు గుడ్డలు కరక్కాయ నీళ్లలో తడపడం, కాలవలో జాడించడం మాత్రమే చేసింది. ఒకనాడు మనిషి తక్కువై అచ్చు చేతికిస్తే, పిడికిలితో దాని వీపు మీద ఒక్క గుద్దు గుద్ది ఎత్తింది. పువ్వు చెక్కుచెదరకుండా పడింది. ఆ గుద్దు ఎంత బలంగా ఉండాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దస్తమానం గుమ్మంలో కూర్చుని, కుడి చేతిని ఎడం చేత్తో పట్టుకుని వీధి చూస్తోంది.

బందరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చేతులు చాపమన్నాడు, చాపింది. పిడికిలి బిగించమన్నాడు, బిగించింది. మిగతా సమయమంతా పర్సు గట్టిగా పట్టుకుని కూర్చుంది. వణుకు పిసరంత కూడా లేదు. వయసు మీది నీరసమని చెప్పి మందులు రాశాడు. కనబడనిదాన్ని ఆయన మాత్రం ఎలా చూస్తాడు? ఫోనులో వీడియో తీసి చూపిద్దామని జ్యోతిర్మయి ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఫోను ఎత్తగానే చెయ్యి కొంగులోకి పోయేది. దొంగచాటుగా తీయడానికి ఆమెకు మనసొప్పలేదు. నాగరాజేమో అమ్మకేమీ లేదని డాక్టరే చెప్పాడు కదా, తవ్వడమెందుకన్నాడు. అతని గొంతులో ఉన్నది భయమని తెలిసి జ్యోతిర్మయి వాదించలేదు.

ల్యాబ్‌లో ఏటా పిల్లల చేత చేయించే ప్రయోగం ఒకటుంది. బొటనవేలంత బోర్డు. దానికి వైఫై ఉంటుంది. ఒక సెన్సరు తగిలిస్తే అది కొలిచిన అంకెల్ని వైఫైలో కంప్యూటరుకు పంపుతుంది. మామూలుగా గది వేడి కొలిపిస్తారు. కదలికను కొలిచే సెన్సరు కూడా ఉంది, గోరంత ఉంటుంది. అత్తయ్య చేతికి అది కడితే అన్న ఆలోచన ఆమెకు గుడ్లవల్లేరు దాటుతుండగా బస్సులో వచ్చింది. ప్రిన్సిపాల్‌కు చెప్పి, పక్కన పడేసిన సామానులోంచి ఒక బోర్డు, ఒక సెన్సరు, చిన్న బ్యాటరీ ఇంటికి తెచ్చుకుంది. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఎలాగూ ఉంది.

ఆదివారం పొద్దున ఆ సామానంతా చిలకమ్మ ముందు పెట్టి, ఏది ఏం చేస్తుందో దాచకుండా చెప్పింది. చిలకమ్మ బోర్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కట్టుకుంటే నా చెయ్యి అందరి ఫోన్లలో కనబడుద్దా?"

"లేదత్తయ్యా. చెయ్యి కనబడదు. గీత కనబడుతుంది, అంతే. అదీ ఇదిగో, ఈ కంప్యూటర్లోనే. మన గోడ దాటి పోదు."

చిలకమ్మ బోర్డును జాగ్రత్తగా కింద పెట్టింది. తర్వాత, "నువ్వు చూసేది నాకూ చూపించాలి మరి" అంది. అది ఒప్పుకోవడమే. బోర్డు చేతికి గుచ్చుకోకుండా పాత కలంకారీ ముక్కతో చిన్న సంచీ కుట్టారు, అత్త పట్టుకుంటే కోడలు కుట్టింది.

మొదటి రోజు గీత తిన్నగా వచ్చింది. అరగంట కట్టించుకుని టీవీ చూసింది చిలకమ్మ. చెయ్యి ఒళ్లో ఆడుతూనే ఉంది, జ్యోతిర్మయి కళ్లారా చూస్తూనే ఉంది. తెర మీద మాత్రం గీత చెరువు నీళ్లలా కదలకుండా పోతోంది.

"చూశావా, నాకేం లేదని నీ మిషనే చెప్తోంది" అంది చిలకమ్మ. అన్నదే గానీ ఆవిడ ముఖంలో సంతోషం లేదు. తన చెయ్యి తనకు తెలుసు కదా.

తప్పెక్కడుందో జ్యోతిర్మయికి మర్నాడు బస్సులో తట్టింది. గది వేడికి రాసిన ప్రోగ్రామునే ఆమె దీనికీ వాడింది. అది సెకనులో కొలిచినవన్నీ కూడి, సగటు తీసి, ఒకే అంకె పంపుతుంది. వేడికి అది చక్కగా సరిపోతుంది. వణుకు అలా కాదు. చెయ్యి ఎంత పైకి పోయిందో అంత కిందకి వస్తుంది. రెండూ కలిపి సగటు తీస్తే మిగిలేది సున్నా. అత్తయ్య పడుతున్న బాధనంతా బోర్డే కూర్చుని తుడిచేసి, శుభ్రంగా పంపుతోందన్నమాట. తుడవకూడదు. సెన్సరు ఏది చెబితే అది, పచ్చిగా, ఉన్నదున్నట్టు పంపాలి. సెకనుకు వంద అంకెలు, మూడు దిక్కులకూ వందేసి.

ఆ మార్పు చేస్తే గీతలో కదలిక వచ్చింది గానీ మధ్య మధ్య మళ్లీ తిన్నగా సాగింది. ఒక్కో అంకెనూ అక్షరాలుగా మార్చి విడివిడిగా పంపడంతో బోర్డుకు ఊపిరాడక కొన్ని దారిలోనే పోతున్నాయి. పోయినచోట కంప్యూటరు రెండు చివరలూ కలిపి గీత గీసేస్తోంది. చూసేవాళ్లకు అక్కడ చెయ్యి ఆగినట్టుంటుంది. రేపు డాక్టరు అది చూసి నమ్మితే? ఇరవై అయిదు కొలతలు ఒక మూటగా కట్టి, ప్రతి మూటకూ వరుస నంబరు వేసింది. ఏ నంబరు అందకపోతే అక్కడ గీత గీయకుండా ఖాళీ వదిలేలా డెస్క్‌టాప్ ప్రోగ్రామును మార్చింది. అంకెల్ని అక్షరాలు చేయకుండా, బోర్డు తన లోపల దాచుకునే రూపంలోనే పంపింది. మూట చిన్నదయింది, తొందరగా పోయింది.

ఇప్పుడు తెర మీద గీతలు పిచ్చెత్తినట్టు ఎగిరాయి. బల్ల మీద కదలకుండా పెట్టిన బోర్డు కూడా భూకంపం వచ్చినట్టు చూపించింది. రెండు సాయంత్రాలు ప్రోగ్రామంతా వెతికి విసిగిపోయి, తనకు పాఠం చెప్పిన జేమ్స్ మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన రిటైరై బందరులో ఉంటున్నారు. అంతా విని, సెన్సరు సంగతి పక్కన పెట్టి తెలిసిన అంకె ఒక్కటి పంపి చూడమ్మా అన్నారు. ఒకటి పంపింది. కంప్యూటరులో రెండువందల యాభై ఆరు వచ్చింది. ఫోనులో ఆ మాట వినగానే మాస్టారు నవ్వారు. ఒక్కో అంకె రెండు ముక్కలుగా వెళుతుంది. బోర్డు చిన్న ముక్క ముందు పంపుతోంది, కంప్యూటరు దాన్ని పెద్ద ముక్క అనుకుని చదువుతోంది, పన్నెండును ఇరవై ఒకటిగా చదివినట్టు. జ్యోతిర్మయి ప్రోగ్రాములో ఒక్క గుర్తు మార్చింది. బల్ల మీది బోర్డు గీత బుద్ధిగా పడుకుంది.

తర్వాతి ఆదివారం చిలకమ్మ మళ్లీ సంచీ కట్టుకుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఈసారి ఏమీ తప్పలేదు. చిన్న చిన్న అలలు, ఒకదాని పక్కన ఒకటి, సమానంగా వచ్చాయి. జ్యోతిర్మయి లెక్కపెట్టింది. సెకనుకు అయిదు. మళ్లీ లెక్కపెట్టింది, అయిదే. చిలకమ్మే లేచి వచ్చి కళ్లజోడు సర్దుకుని చూసింది. గ్లాసు తీసుకుని నీళ్లు తాగింది. అలలు పోయి ఒక పెద్ద ఊపు వచ్చింది, గ్లాసు దించాక కాసేపటికి అలలు మళ్లీ మొదలయ్యాయి.

"ఇన్నాళ్లూ నేనే ఎక్కడో ఊహించుకుంటన్నానేమో అనుకున్నా" అంది మెల్లగా.

"ఊహ కాదత్తయ్యా."

చిలకమ్మ కళ్లు తుడుచుకుంది. భయపడిందేమో అనుకుని జ్యోతిర్మయి దగ్గరికి జరిగింది. అది భయం కాదు. మూడు నెలలుగా ఒంటరిగా మోస్తున్నది ఇంకొకరికి కనబడినందుకు వచ్చిన కన్నీళ్లు. కాస్త తేరుకున్నాక ఆవిడ సంచీ విప్పి కోడలి చేతికి కట్టి, ఇప్పుడు నువ్వు చాపు అంది. జ్యోతిర్మయి గీత కూడా పూర్తిగా తిన్నగా లేదు. దగ్గరికి తెచ్చి చూస్తే సన్నగా, నూగులా వణుకుతోంది. ఎవరి చెయ్యైనా అంత మాత్రం వణుకుతుందని చెప్పింది జ్యోతిర్మయి. చిలకమ్మ తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి, "నీక్కూడా ఉందిగా కాస్త" అంటూ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పని చేస్తున్నప్పుడు చెయ్యి ఎలా ఉంటుందో చూడాలని జ్యోతిర్మయి అడిగితే మాత్రం చిలకమ్మ రెండు వారాలు ఒప్పుకోలేదు. అచ్చు ముట్టుకోనంది. షెడ్డులో వైఫై లేదు, ఇంట్లోనే, ఎవరూ చూడరు, పాత గుడ్డ మీదే అని బతిమాలితే చివరికి సరేనంది. పూర్ణచంద్రరావు ఆవిడకు అలవాటైన పువ్వు అచ్చు, రంగు పళ్లెం ఇచ్చి పంపాడు. బల్ల మీద గోనెలు, వాటి మీద దుప్పటి మడతలు పరిచి, పైన పాత పంచె పరిచారు. చిలకమ్మ అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దింది. మూడు పువ్వులు చక్కగా పడ్డాయి. నాలుగోదాని దగ్గర, సరిగా వస్తుందో రాదో అని అచ్చు గాలిలో పట్టుకుని ఆగింది. అలా ఆగడంతో చెయ్యి ఊగింది. ఆవిడ అచ్చు పక్కన పెట్టేసి, చెప్పానా అన్నట్టు చూసింది.

జ్యోతిర్మయి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తెర చూపించింది. మూడు గుద్దులకూ మూడు నిటారు గీతలున్నాయి. వాటి మధ్య చెయ్యి రంగులోకి పోయి రావడం నున్నటి వంపుల్లా ఉంది, అలలు లేవు. నాలుగోదాని దగ్గర అచ్చు ఎత్తిన తర్వాత నాలుగు సెకన్లు ప్రశాంతంగానే ఉంది. అయిదో సెకనులో అలలు మొదలయ్యాయి. సగటు తీసి పంపి ఉంటే ఆ నాలుగు సెకన్ల సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

"పని చేస్తే వణకట్లేదు. అనుమానపడి ఆగితే వణుకుతోంది. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు మీరు గుద్దేస్తే చాలు. మూల దగ్గర ఆలోచించాల్సి వస్తే అచ్చు బల్ల మీద ఆనించి ఆలోచించండి, గాలిలో వద్దు."

చిలకమ్మ లేచి అచ్చు తీసుకుంది. పంచె చివరిదాకా అద్దింది. నలభై పువ్వులో యాభై పువ్వులో. కొన్ని కొంచెం పక్కకు ఒరిగాయి, ఒక్కటీ జారలేదు. మునుపటి వేగం లేదని ఆవిడే అంది.

ఆ గీతలు కాగితం మీద అచ్చు తీసుకుని, అంకెలన్నీ పెన్‌డ్రైవులో వేసుకుని విజయవాడలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. నాగరాజు లోడు మానుకుని వెంట వచ్చాడు. డాక్టరు గారు నడివయసు ఆవిడ. కాగితం ఒక నిమిషం చూసి పక్కన పెట్టారు. ఇది దారి చూపిస్తుందమ్మా, నేను మనిషిని చూడాలి అన్నారు. చిలకమ్మ పర్సును తనే అడిగి తీసుకుని, చేతులు ఒళ్లో వదిలేయమని, తెలుగు నెలల పేర్లు వెనక నుంచి చెప్పమన్నారు. ఫాల్గుణం, మాఘం, పుష్యం... మార్గశిరం దగ్గర చిలకమ్మ తడబడింది. ధ్యాస నెలల మీదకు పోయింది, చెయ్యి దాచడం మర్చిపోయింది. అలలు కాగితం మీద ఉన్నట్టే ఒళ్లో లేచాయి. నడిపించి చూశారు, వేళ్లు ఆడించమన్నారు, సంతకం పెట్టించారు.

పార్కిన్సన్స్ అని చెప్పారు. పూర్తిగా పోయే జబ్బు కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. మందులతో చాలా ఏళ్లు బాగా గడపొచ్చు, పని ఎంత చేస్తే అంత మంచిది. ఆ మాటలు విన్నాక నాగరాజు కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాడు. చిలకమ్మ మాత్రం డాక్టరునే చూస్తూ, అద్దకం చేయొచ్చా అని ఒక్కటే అడిగింది. తప్పకుండా చేయమన్నారావిడ. మళ్లీ వచ్చేటప్పుడు మందు వేసుకోకముందు ఒకటి, వేసుకున్నాక ఒకటి, రెండు గీతలూ తెమ్మని జ్యోతిర్మయికి చెప్పారు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. చిలకమ్మ మధ్యాహ్నం దాకా షెడ్డులో ఉంటుంది. పొడవాటి అంచులు ఇప్పుడు వేరేవాళ్లు అద్దుతారు. నడిమి పువ్వులు ఆవిడవి. మందు పనిచేసే గంటలేవో గీతలు చూసి తెలుసుకున్నారు, పని ఆ గంటల్లోనే పెట్టుకుంటుంది. కొన్ని రోజులు అస్సలు బాగుండదు. అలాంటి రోజు ఇంట్లోనే ఉండి, పలకరించిన వాళ్లకు చెయ్యి చూపించి, ఇవాళ ఇది మాట వినట్లేదు అని చెబుతుంది. కొంగులో దాచదు.

మొన్న ఆదివారం వెంకాయమ్మ అని షెడ్డులో గుడ్డలు జాడించే మనిషి తన భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకూ చెయ్యి వణుకుతోందట, ఎవరికీ చూపించడట. ఇది జబ్బు పేరు చెప్పే మిషను కాదని, డాక్టరుకు చూపించడానికి ఒక కాగితం మాత్రం ఇస్తుందని జ్యోతిర్మయి ముందే చెప్పింది. ఆయన కుర్చీలో బిగుసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చిలకమ్మ ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. సంచీ తనే కట్టింది. ముడి పడటానికి కొంచెం సేపు పట్టింది, జ్యోతిర్మయి సాయానికి రాబోతే కళ్లతోనే ఆపింది.

"చెయ్యి ఒళ్లో పెట్టుకోన్నయ్యా. దేన్నీ పట్టుకోకు. వణికితే వణకనీ" అంది.

ఆయన నెమ్మదిగా చెయ్యి పైకి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లోపలి గదిలో మొదటి మూట అందినట్టు తెర మీద నంబరు పడింది.